ఎనిమిదో నమూనా

కృపారాణికి చిన్నప్పటినుంచీ కుక్కలంటే భయం లేదు. ఉదయగిరిలో కొండ కిందనే వాళ్ళ ఇల్లు, పాత బాప్టిస్టు చర్చికి రెండు వీధుల అవతల. ఆ వీధుల్లో తిరిగే కుక్కలన్నీ ఆమె చేతి అన్నం తిన్నవే. ముప్పై ఆరేళ్ళు వచ్చి, ఆత్మకూరులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరరుగా కుదిరి, దాంతోపాటు పీహెచ్‌డీకి చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. వారమంతా ఆత్మకూరులో అద్దెగదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి తల్లి లిదియమ్మ దగ్గరికి వచ్చేది. బస్టాండులో దిగి ఇల్లు చేరేలోపల సంచిలోని బిస్కెట్ ప్యాకెట్లు ఖాళీ అయిపోయేవి.

ఆమె పరిశోధన కూడా కుక్కలకు సంబంధించిందే. కుక్కకాటుతో వచ్చే రేబిస్ మీద. ఆ మాట వింటే ఎవరికైనా పెద్ద ల్యాబూ, గాజుసీసాలూ, ముఖానికి ముసుగులూ కళ్ళముందుకొస్తాయి గానీ, ఆమె ఆ వైరస్ దగ్గరికి ఒక్కసారి కూడా పోయింది లేదు. ఆమె చేతికి వచ్చేవి అక్షరాలు మాత్రమే. చచ్చిన కుక్క మెదడులోంచి చిన్న ముక్క తీసి తిరుపతికి పంపుతారు. అక్కడ ఆమె గైడు మల్లికార్జున గారి ల్యాబులో పరీక్ష చేసి, వైరస్ ఉందని తేలితే దాని జన్యువును చదివి, ఆ వరసను ఆమెకు మెయిల్ చేస్తారు.

ఆ వైరస్ ఒళ్ళంతా సన్నటి ముళ్ళలాగా పొడుచుకొని ఉండే ప్రోటీను ఒకటుంది. అది మన నరాన్ని పట్టుకొని లోపలికి దూరేది ఆ ముల్లుతోనే. టీకా మన ఒంటికి నేర్పేది కూడా ఆ ముల్లును గుర్తుపట్టి గట్టిగా పట్టుకోమనే. ఐదువందల పైచిలుకు పూసలు గుచ్చిన దండ ఒకటి తనంతట తాను మెలికలు తిరిగి ముడుచుకుంటే ఎట్లా ఉంటుందో, ఆ ప్రోటీను అట్లా ఉంటుంది. పూసల వరస తెలిస్తే చాలు, అది ఏ ఆకారంలోకి ముడుచుకుంటుందో ఊహించి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు ఇప్పుడు వచ్చేశాయి. వరస పంపిన అరగంటకో గంటకో రంగుల బొమ్మ తిరిగి వస్తుంది. ఆ బొమ్మలను పక్కపక్కన పెట్టి, మన వైపు కుక్కల్లో తిరిగే వైరస్ ముల్లుకూ, టీకాలో వాడే పాత వైరస్ ముల్లుకూ ఎక్కడైనా తేడా వచ్చిందా అని చూడటం కృపారాణి పని.

"బొమ్మలు చూసే దానికి కూడా డాక్టరు పట్టా ఇస్తారా?" అని లిదియమ్మ నవ్వేది.

చేరిన కొత్తలోనే మల్లికార్జున గారు, "ముందుజాగ్రత్తగా నువ్వు కూడా టీకా వేయించుకోమ్మా" అన్నాడు. "నేను ముట్టుకునేది కీబోర్డునే గదా సార్" అనేసింది ఆమె. ఆయన మళ్ళీ అడగలేదు. ఆమెకు మళ్ళీ గుర్తు రాలేదు.

మార్చి మొదటి ఆదివారం తల్లీ కూతుళ్ళు ఆరాధన ముగించుకొని ఇంటికి వస్తున్నారు. ఎండ అప్పటికే చురుక్కుమంటా ఉంది. వీధి మలుపులో గోడ పక్కనుంచి ఒక కుక్క వచ్చింది. గోధుమరంగు ఆడకుక్క, ఎడమచెవి నిలువునా చీలి ఉంది. అది మొరగలేదు, తోక ఆడించలేదు, ఆగి చూడనైనా లేదు. దారిలో ఉన్న రాయిమీదికి వచ్చినట్టు నేరుగా కృపారాణి మీదికి వచ్చి చీర కుచ్చెళ్ళను నోట కరచుకుంది. ఆమె వెనక్కి లాగింది. చీర చిరిగింది. కాలిపిక్క మీద ఏదో గీరుకున్నట్టయింది.

ఆ సమయానికి గొర్రెలు తోలుకొని కొండవైపు పోతున్నాడు మాల్యాద్రి. యాభై దాటిన మనిషి. వాళ్ళ వీధికి వెనకవీధి. లిదియమ్మ కేక విని, కర్ర అడ్డం పెట్టి కుక్కకూ ఆమెకూ మధ్యలోకి వచ్చినాడు. కుక్క కర్రను వదిలేసి ఆయన ముంజేతిని పట్టుకుంది. ఎంత విదిలించినా వదల్లేదు. చివరికి దానంతట అదే వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా కొండదారి పట్టి పోయింది.

మాల్యాద్రి చేతి మీద నాలుగు గాట్లు పడ్డాయి. రక్తం మోచేతి దాకా కారింది.

"మాల్యాద్రన్నా, ఆసుపత్రికి పోయి సూది వేయించుకో. ఈ రోజే పోవాల" అంది కృపారాణి.

"పోతాలే టీచరమ్మా. గొర్రెల్ని కొండెక్కించి పోతా" అన్నాడాయన.

ఇంటికి వచ్చి ఆమె తన కాలు చూసుకుంది. రక్తం లేదు. బెత్తెడు పొడుగున తెల్లటి గీత, అంతే. అది పన్నా, గోరా, చిరిగిన చీర జరీ గీసుకుందా అని ఆలోచించి జరీయే అనుకుంది. నీళ్ళతో కడుక్కుంది. సబ్బు పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే కాలేజీలో సెమిస్టరు పరీక్షలు, ఇన్విజిలేషన్ డ్యూటీ. రెండు రోజుల తరవాత తల్లి ఫోన్లో, ఆ కుక్క కావలి రోడ్డు మీద లారీ కింద పడి పోయిందంట అని చెప్పింది. పిల్లల్ని కన్న కుక్క అంట, అందుకే అట్ట మీదికొచ్చిందని వీధిలో అనుకున్నారు. ఆ మాట కృపారాణికి నచ్చింది. నచ్చింది గనక నమ్మింది. మాల్యాద్రి ఆసుపత్రికి పోయినాడో లేదో అడగలేదు.

ఇరవై మూడు రోజులు గడిచాయి.

మల్లికార్జున గారి దగ్గర్నుంచి కొత్త నమూనాలు ఎనిమిది వచ్చాయి. ఏది ఎక్కడిదో ముందే తెలిస్తే చూపు ఒక పక్కకు మొగ్గుతుందని, ఆయన వరసలను ఒక ఫైల్లోనూ, వాటి ఊళ్ళూ తేదీలూ ఇంకొక ఫైల్లోనూ పంపేవాడు. బొమ్మలన్నీ చూసి రాసుకున్నాకే రెండో ఫైలు తెరవాలని నియమం.

మంగళవారం మధ్యాహ్నం కాలేజీ కంప్యూటర్ గదిలో కూర్చొని ఆమె ఒక్కొక్కటీ పంపింది. ఏడింటిలో కొత్తేమీ లేదు. ఎనిమిదోది తెరమీదికి వచ్చేసరికి ముందుకు వంగింది. ఒక్కో ముల్లులో ఉండే మూడు ప్రోటీన్లు ఒకదానికొకటి పెనవేసుకొని నిలబడ్డాయి, మామూలుగానే. తల దగ్గర మాత్రం ఒక మెలిక పక్కకు వాలి ఉంది. వరస చూస్తే సరిగ్గా అక్కడే ఒక పూస మారింది. ల్యాబుల్లో తయారుచేసిన ఒకరకం యాంటీబాడీ వచ్చి పట్టుకునే చోటు అది. పాత బొమ్మను దీనిమీద పెట్టి చూసింది. పట్టు కుదిరేట్టు లేదు.

అప్పటికది సంతోషమే. నాలుగేళ్ళుగా ఏ తేడా దొరకని పనిలో ఇప్పుడొక తేడా దొరికింది. గైడుకు ఫోన్ చేసే ముందు ఊరేదో చూద్దామని రెండో ఫైలు తెరిచింది.

ఎనిమిది. ఉదయగిరి. మార్చి నెల, మొదటి ఆదివారం తరవాత రెండోరోజు తేదీ. ఆడకుక్క, గోధుమరంగు. కావలి రోడ్డు మీద చచ్చి పడి ఉండగా పశువైద్యశాల వాళ్ళు తీసుకున్నది. ఎడమచెవి చీలి ఉంది.

ఆ నాలుగు ముక్కలూ ఆమె మూడుసార్లు చదివింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పక్కగదిలో ఎవరో పిల్లలు వైవాకు చదువుకుంటున్నారు. తెరమీద ఆ ముల్లు మెల్లగా గుండ్రంగా తిరుగుతా ఉంది, తానే పెట్టింది అట్లా తిరగమని. ఆమె బల్లకింద కాళ్ళను దగ్గరికి లాక్కుంది. ఆ బొమ్మ ఇప్పుడు తిరుపతి ల్యాబులో ఫ్రీజరులో ఉన్నదానిది కాదనిపించింది. తన పిక్కలో, చర్మం కింద, నరం వెంబడి రోజుకింత రోజుకింత పైకి ఎక్కుతా ఉన్నదాని బొమ్మ అది. ఇరవై మూడు రోజులు. కాలినుంచి వెన్నుకు, వెన్నునుంచి తలకు. ఎంత దూరం వచ్చి ఉంటుంది? జబ్బు బయటపడితే తిరిగొచ్చినవాళ్ళు దాదాపు లేరు. ఆ సంగతి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఎంత తేలిగ్గా చెప్పేదో గుర్తొచ్చింది.

మల్లికార్జున గారికి ఫోన్ చేసింది.

"సార్, ఎనిమిదో నమూనా. ఆ కుక్క నన్ను గీరింది సార్."

"ఎప్పుడు?"

"ఇరవై మూడు రోజులైంది. టీకా వేయించుకోలా."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఫోన్ పెట్టేసి ఇప్పుడే ఆసుపత్రికి పో. ఇంత ఆలస్యమైంది గదా ఇంకేం లాభం అనుకోవద్దు. ఎంత ఆలస్యమైనా వేయించుకోవాల్సిందే. టీకాతోపాటు సీరం కూడా కావాలని అడుగు."

"సార్, దాని ముల్లు మారింది. యాంటీబాడీ పట్టుకునే చోట. సీరం పట్టుకోకపోతే?"

"పో అమ్మా" అన్నాడాయన. "అది తరవాత మాట్లాడుకుందాం."

ఆ సాయంత్రమే ఆత్మకూరులో రెండు చేతులకూ మొదటి టీకా పడింది. టీకా పని మొదలుపెట్టేలోపల వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు సిద్ధంగా ఉండే మందు ఆ సీరం; దానికోసం అప్పటికప్పుడే నెల్లూరు పంపారు. అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, "గాయం చూపించండి, సీరం గాయంలోనే ఎక్కించాలి" అంది. కృపారాణి చీర పైకెత్తి పిక్క చూసుకుంది. అక్కడ ఏమీ లేదు. తెల్లగీత ఎప్పుడో మానిపోయింది. దోమకుట్టి గోక్కున్న గీతలు రెండున్నాయి, ఎప్పటిదో పాతమచ్చ ఒకటుంది. ఆ కుక్క తనను ఎక్కడ తాకిందో తనకే తెలియడం లేదు.

"ఇక్కడ అనుకుంటా. లేదా ఇక్కడ."

డాక్టరమ్మ ఆ చుట్టుపక్కలంతా కొద్దికొద్దిగా పొడిచింది. ప్రతి పోటుకూ కృపారాణి, ఇది సరైన చోటేనా అనుకుంది.

"ఈ సీరం ఏ రకం డాక్టర్? ఒకే యాంటీబాడీతో చేసిందా, గుర్రం రక్తంలోంచి తీసిందా?"

డాక్టరమ్మ సూది ఆపి ఆమె ముఖం చూసింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. "గుర్రాల నుంచి తీసిందే. ఎందుకు?"

"ఊరికే" అంది. గుర్రం రక్తంలో ఒక్క యాంటీబాడీ కాదు, ముల్లును నానా చోట్ల పట్టుకునేవి ఎన్నో ఉంటాయి. అది తెలుసు. తెలిసినా భయం తగ్గలేదు.

బస్టాండులో కూర్చున్నాక మాల్యాద్రి గుర్తొచ్చినాడు. అప్పటిదాకా గుర్తు రాలేదని తెలిసి సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. తన మీద పడాల్సిన కాటు ఆయన చేతి మీద పడింది. తల్లికి ఫోన్ చేసింది.

"మాల్యాద్రన్న సూది వేయించుకున్నాడా మా?"

"ఏమో. ఏదో పసరు కట్టుకున్నాడని అనుకున్నారు. ఇప్పుడు ఊళ్ళో లేడు గదా. గొర్రెల్ని తోలుకొని కలువాయి పక్కకు పోయినాడు, మందలు పెట్టే దానికి. వారం పైన అయిండాది." లిదియమ్మ ఆగి, "ఏంది పాపా? నీ గొంతు అట్టుంది ఏంది?" అంది.

కృపారాణి చెప్పేసింది. అవతల తల్లి మెల్లగా ప్రార్థన చేయడం వినిపించింది. కృపారాణి ఫోను చెవికి ఆనించుకొని ప్రార్థన అయిపోయేదాకా అట్లాగే కూర్చుంది.

మాల్యాద్రికి ఫోన్ చేస్తే మోగలేదు. చార్జింగు అయిపోయి ఉంటుంది, లేదంటే సిగ్నలు లేని చోట ఉంటాడు. మర్నాడు పొద్దున్నే ఆమె ఆత్మకూరు నుంచి కలువాయి బస్సెక్కింది. కోతలైపోయిన వరిమళ్ళలో ఎరువు కోసం గొర్రెల మందలు పెట్టించుకునే రోజులు. కలువాయిలో ఆటో మాట్లాడుకొని, దారిలో కనిపించిన ప్రతి మంద దగ్గరా దిగి అడిగింది. ఉదయగిరి మాల్యాద్రా, ఆయన నిన్న ఆ పక్కన ఉండె. ఇంకో చోట, మొన్న ఈ పక్కన ఉండె. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక చెరువు కింది మళ్ళలో దూరంగా ఆయన తలగుడ్డ కనిపించింది.

ఆయన గట్టుమీద తుమ్మచెట్టు నీడన కూర్చొని ఉన్నాడు. ముంజేతికి గుడ్డ బిగించి కట్టి ఉంది. ఆమెను చూసి లేచినాడు.

"ఏంది టీచరమ్మా, ఇంత దూరం వచ్చినావు?"

ఆమె దగ్గర ఒక నీళ్ళ సీసా ఉంది. దారిలో కొన్నది, మూత తీయనిది. మంచినీళ్ళు చూస్తే గొంతు పట్టేయడం, గాలి తగిలితే ఉలిక్కిపడటం, ఆ జబ్బు ముదిరితే కనిపించే గుర్తులు. ఆమె ఆ సీసాను ఆయన ముందుకు చాపింది.

"ఎండలో ఉన్నావు, నీళ్ళు తాగన్నా."

ఆయన మూత తిప్పి తల పైకెత్తి తాగినాడు. ఆమె ఆయన గొంతునే చూస్తా ఉంది. గుటక. ఇంకో గుటక. సీసా సగం అయింది. గొంతు పట్టలేదు. ఆయన మూతి తుడుచుకొని, "ఏంది అట్ట చూస్తా ఉండావు?" అన్నాడు.

"చెయ్యి ఎట్టుండాది?"

"పుండు మానింది. తిమ్మిరిగా ఉండాది, చీమలు పాకినట్టు. వారమైంది."

ఆమె గట్టుమీద కూర్చుండిపోయింది. కరిచినచోట చీమలు పాకినట్టుండటం. పుస్తకంలో మొదటి గుర్తుగా రాసి ఉండేది అదే. ఆయనకు తెలియకూడదని ముఖం పక్కకు తిప్పుకొని గొర్రెలను చూసింది. అవి తలలు వంచి మోళ్ళు కొరుకుతా ఉన్నాయి.

"అన్నా, ఆ కుక్కకు జబ్బు ఉండింది. పరీక్షలో తేలింది. నువ్వు ఇప్పుడే నాతో నెల్లూరుకు రావాల."

మాల్యాద్రి గుడ్డకట్టు మీద చెయ్యి వేసుకున్నాడు. "అది లారీ కింద పడి పోయింది గదా."

"లారీ కింద పడింది. జబ్బూ ఉండింది."

"నీకూ గీరింది గదా. నువ్వు ఆ రోజే ఏయించుకున్నావా?"

అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఆయన తొందరగా కదులుతాడేమో కూడా. ఆమె నోట రాలేదు.

"లేదన్నా. నిన్ననే వేయించుకున్నా."

ఆయన నీళ్ళ సీసా గట్టుమీద పెట్టినాడు. "అన్నీ చదువుకున్న దానివి. నువ్వే ఏయించుకోకుండా నాకు చెప్పినావు."

"అవును."

"మరి ఇప్పుడెందుకు పరిగెత్తుకొచ్చినావు?"

"భయమేస్తా ఉంది అన్నా. నా గురించీ, నీ గురించీ."

అట్లా అన్నందుకేమో, ఆయన కోపం చల్లబడింది. పక్కన కూర్చున్నాడు. "అదెట్టుంటాది? నువ్వు దాని మీదే చదువుతావని మీ అమ్మ చెప్పేది. చూసినావా దాన్ని?"

ఫోనులో బొమ్మ ఉంది. తీసి చూపించింది. ఎండలో సరిగ్గా కనపడక ఆయన తలగుడ్డ తీసి ఫోను మీద నీడ పట్టినాడు. కళ్ళు చిట్లించి చాలాసేపు చూసినాడు. మూడు పాయలు పేనిన తాడు మాదిరి ఉందన్నాడు. తరవాత గొర్రెలకాపరి అడగాల్సిన ప్రశ్న అడిగినాడు.

"గొర్రెను పట్టాలంటే వెనక్కాలు పట్టుకోవాల. ఊలు పట్టుకుంటే చేతికి రాదు. ఆ సూదిమందు దీన్ని యాడ పట్టుకుంటాది?"

ఆమె చూపించింది. ఇక్కడ, ఇక్కడ, కింద ఇక్కడ కూడా. చూపుడువేలు తలదగ్గర ఉన్న మెలిక దాకా పోయి ఆగింది.

"అక్కడ?"

"అక్కడ కొంచెం మారిండాది. అక్కడ పట్టు కుదరదేమో."

"పట్టు జారితే?"

నిన్నటినుంచీ తాను తనను అడుగుతున్న ప్రశ్న. "మిగతా చోట్ల పట్టుకుంటాది" అంది. తన గొంతులో నమ్మకం ఎంతుందో తనకే తెలియలేదు. ఆయన మాత్రం తలూపినాడు. ఫోను ఆమె చేతికిచ్చి లేచినాడు.

మంద ఎవరి మీద వదలాలన్నది మిగిలింది. ఆ పొలం శ్రీనివాసులు రెడ్డిది. ఆయన్ను పిలిపించి విషయం చెబితే, "గొర్రెలకు నేనుంటా. నువ్వు పో ముందు" అని తన జీతగాణ్ణి కూడా తోడు పెట్టినాడు. తన కారులోనే వాళ్ళిద్దరినీ పంపించినాడు. దారంతా మాల్యాద్రి కిటికీ అద్దం దించుకొని గాలికి ముఖం పెట్టి కూర్చున్నాడు. ప్రతి రెండు నిమిషాలకూ కృపారాణి ఆయన ముఖం చూసింది, గాలి తగిలి ఉలిక్కిపడతాడేమోనని. ఆయన నిద్రపోయినాడు.

ఆసుపత్రిలో గుడ్డ విప్పారు. కట్టు ఎంత బిగువుగా ఉందంటే, దాని కింద చర్మం ముడతలు పడి నల్లగా కమిలి ఉంది. "ఇంత బిగించి కడితే తిమ్మిరి రాదా?" అంది అదే డాక్టరమ్మ. అయినా జబ్బుది కాదు అని గట్టిగా చెప్పలేదు. చూడాలి, అంది. సీరం గాట్లలోకి ఎక్కించింది. మాల్యాద్రి పళ్ళు బిగించి గోడవైపు చూస్తా ఉన్నాడు.

ఇక మొదలైంది ఎదురుచూపు. కృపారాణి సెలవు పెట్టి ఉదయగిరిలోనే ఉంది. పొద్దున లేవగానే మొదటి పని గ్లాసుతో నీళ్ళు తాగడం. మొదటి గుటక దిగేదాకా ఊపిరి బిగబట్టేది. స్నానం చేస్తూ పిక్కను తడిమి చూసుకునేది, తిమ్మిరి ఉందా అని. ఎంతసేపు తడిమితే అంతగా తిమ్మిరెక్కినట్టే ఉండేది. తలుపు సందులోంచి గాలి తగిలితే ఉలిక్కిపడి, ఉలిక్కిపడ్డానే అని మళ్ళీ భయపడేది. రొట్టె గొంతులో ఒక్క క్షణం ఆగితే చెమటలు పట్టేవి. ఒకరోజు గ్లాసు చేత పట్టుకొని అట్లాగే నిలబడి ఉండటం లిదియమ్మ చూసింది. ఏమీ అడగకుండా వచ్చి, తానూ ఒక గ్లాసు ముంచుకొని కూతురితో పాటు తాగింది. ఆ రోజు నుంచి ఇద్దరూ పొద్దున్నే కలిసి నీళ్ళు తాగేవాళ్ళు.

వీధిలో కుక్కలు ఆమెను చూసి తోకాడించుకుంటూ వచ్చేవి. ఆమె లోపలికి వచ్చి తలుపేసుకునేది.

రెండో టీకా, మూడో టీకా అయినాయి. రెండో టీకాకు వచ్చినప్పుడు మాల్యాద్రి, చీమలు ఇంకా పాకుతానే ఉన్నాయన్నాడు. మూడోదానికి వచ్చినప్పుడు చెయ్యి విదిలించి చూపించి, "తగ్గింది" అన్నాడు. కట్టు విప్పినాక నాలుగు రోజులకు తగ్గిందంట. ఆమె ఆసుపత్రి వరండాలో గోడకానుకొని ఏడ్చింది. ఆయనకేం చేయాలో తెలియక ఆమె సంచి పట్టుకొని నిలబడినాడు.

అయినా ఆ మెలిక ఆమెను వదల్లేదు. మల్లికార్జున గారు తన ల్యాబులో ఒక పరీక్ష పెట్టించినాడు. హాని చేయని వేరే వైరస్‌కు ఎనిమిదో నమూనా ముల్లును తొడిగి, టీకా వేయించుకున్న వాళ్ళ రక్తంలోని సీరం దాన్ని ఆపుతుందా లేదా అని చూడటం. ఫలితం రావడానికి మూడు వారాలు పట్టింది. నాలుగో టీకా వేయించుకొని ఇంటికి వస్తుంటే ఆయన ఫోను.

"ఆపింది. బాగా ఆపింది. పాత వైరస్‌కూ దీనికీ తేడా లేదు."

ఆమె దారిలోనే ఆగిపోయింది.

"ఇప్పుడు ఆ బొమ్మ తెరిచి మళ్ళీ చూడు. ఆ మెలిక ఏ రంగులో ఉంది?"

ఇంటికి పోయి తెరిచింది. ముల్లంతా ముదురు నీలం. ఆ మెలిక ఒక్కటీ నారింజ రంగు. నీలం ఉన్నచోట ప్రోగ్రాముకు నమ్మకం ఉన్నట్టు, నారింజ ఉన్నచోట తనకు సరిగా తెలియదని అదే చెబుతున్నట్టు. మొదటి ఏడాది పిల్లలకు కూడా ఆమె నేర్పే సంగతి అది. ఆ మంగళవారం ఆమె మెలిక వాలటం చూసింది, రంగు చూడలేదు. మొదట సంతోషంలో చూడలేదు. ఆ తరవాత నెలరోజులూ భయంలో చూడలేదు.

"తెలీదని అది ముందే చెప్పింది" అన్నాడు మల్లికార్జున గారు. "ఒక పూస మారితే ఏమవుతుందో ఈ ప్రోగ్రాములు నమ్మకంగా చెప్పలేవు. నువ్వు థీసిస్‌లో రాయాల్సింది ఇదే."

ఆమె రాసింది. పరీక్ష ఫలితమూ, తన తప్పు ఊహా రెండూ. ఆ నమూనాకు తనతో ఉన్న సంబంధం మాత్రం రాయలేదు. తరవాత నెలలో ఆమె రక్తం పరీక్ష చేస్తే యాంటీబాడీలు కావలసినంత ఉన్నాయి. మాల్యాద్రికి కూడా.

అంతటితో భయం పోయిందా అంటే పోలేదు. ఏడాది దాటేదాకా తల్లీ కూతుళ్ళు పొద్దున నీళ్ళ గ్లాసుల అలవాటు మానలేదు.

మరుసటి ఏడు వర్షాలకు ముందు పశువైద్యశాల వాళ్ళు ఉదయగిరి వీధికుక్కలకు టీకాలు వేసే కార్యక్రమం పెట్టారు. కుక్కలను మచ్చిక చేసుకోగలిగినవాళ్ళు కావాలని అడిగితే, వీధిలో అందరూ కృపారాణి పేరు చెప్పారు. ఆమె రానన్నది. తరవాత ఆలోచించి వస్తానన్నది. ఆ రోజు పొద్దున చర్చి ముందర టేబులు వేసి, డాక్టరు సూదులు సర్దుకుంటున్నాడు. నలుగురైదుగురు వలలు పట్టుకొని నిలబడ్డారు. మాల్యాద్రి తన మందకు కాపలా కాసే రెండు కుక్కలను తాడు కట్టి తెచ్చి అందరికంటే ముందు నిలబడ్డాడు.

కృపారాణి ఇంటి మెట్లమీద ఆగిపోయింది. చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు ఉంది. వీధి అవతల ఒక నల్లకుక్క ఆమెను చూసి లేచి నిలబడింది, చెవులు నిక్కించింది. ఆమె ఒక మెట్టు వెనక్కి ఎక్కింది. ఇంట్లోంచి లిదియమ్మ, "రాణీ, భయమైతే వచ్చెయ్" అంది.

"భయంగానే ఉంది మా" అంది కృపారాణి. ప్యాకెట్టు చింపి మెట్లు దిగింది.